ఏరు దాటే పాట

అహ్లోన్, రంగూన్
6 మార్చి 1988

అమ్మని తనతో తీసుకుపోయి మమ్మల్ని ఇక్కడ వదిలేసిన చెల్లెలు కెరెనుకు అన్న బర్నబా దీవెనలు. మిగిలితే పాస్టరుగారు నాథన్ బావకి కూడా.

నీ ఉత్తరం నలభై రోజులకి చేరింది. కవరు అంచు కోసి, చదివి, అన్నం మెతుకులతో మళ్లీ అంటించారు. తెలుగు చదవడానికి మనోడెవడికో ఉద్యోగం దొరికినట్టుంది, సంతోషం. అయ్యా, మీరెవరోగాని, మా చెల్లెలి రాతలో తప్పులుంటే మన్నించండి. దానికి అక్షరాలు దిద్దించింది నేనే. నా చదువు నాలుగో తరగతి దగ్గర ఆగింది, దాని చదువు నా దగ్గర ఆగింది.

అమ్మ తన మట్టికి పాట కావాలందని రాశావు. రూబెన్ గొంతుతో 'ఏరు దాటే వేళాయె' పాట టేపు మీద ఎక్కించి పంపాలి, సమాధి దగ్గర అది వినిపించాలి, అంతేనా? చదవగానే నవ్వొచ్చింది. చచ్చాక కూడా ఈవిడకి చిన్నకొడుకే కావాలా అని. మీ వదిన బర్మా భాషలో ఏం నవ్వు అది అని కసిరింది. గొంతులో పుండు ముదిరిందని డాక్టరు చెప్పాడని తర్వాత పేజీలో ఉంది. నువ్వు మొదటి పేజీలో రాయాల్సింది రెండో పేజీలో రాస్తావు ఎప్పుడూ.

రూబెన్ ఇప్పుడు మామూలోడు కాదు. మన రైసుమిల్లు లైనులో గోనెసంచి ఉయ్యాలలో ఏడ్చినోడు, ఇప్పుడు వాడు ఏడిస్తే జనం టిక్కెట్టు కొంటున్నారు. వాడు పాడేవి కంట్రీ పాటలంటారు. అమెరికాలో గుర్రాల మీద తిరిగే పశువుల కాపర్ల పాటలు. ఇల్లొదిలి రైలెక్కినోడొకడు, అమ్మని తలుచుకుని సారా తాగినోడొకడు, వాళ్ల గోలే అంతా. రాగం వాళ్లది, మాటలు ఇక్కడి కవి బర్మాలో కడతాడు. మొన్న మూడో క్యాసెట్టు వచ్చింది. పబేడాన్ బజారులో ఏ టీకొట్టు ముందు నిలబడినా మన ముక్కు గొంతే. పైన ఒక టోపీ. అది ఏరవతల దలాలో గేదె తోలుతో కుట్టించాడు. వానలో తడిస్తే గేదె లేచొచ్చినంత వాసన. గుర్రాన్ని మాత్రం జట్కాబండికి కట్టి ఉండగా తప్ప వాడు చూడలేదు.

వాడి పేరులో నాకూ సగం ఉందని బావకి చెప్పు. పైదేశాల నుంచి ఏమీ రానివ్వరు కదా, గిటారు తీగలు దొరకవు. నా సైకిలు షాపులో పాత బ్రేకు తీగలు విప్పి, ఒక్కో పోగూ దువ్వి వాడికి ఇస్తాను. బర్మా దేశం అంతా వింటున్నది నా బ్రేకులే.

గొంతులు కూడా ఒకటే మాకు. పోయిన నెల క్యాసెట్ల కంపెనీవాడు ఫోను చేస్తే నేను రూబెన్‌లా మాట్లాడి, రేవు దగ్గర నిలబడు వస్తున్నా అన్నాను. మూడు గంటలు నిలబడ్డాడు పాపం.

పాట సంగతి వాడికి చెబుతాను. అమ్మకి చెప్పు, తొందరపడొద్దని. పాట రాకుండా పోతే మట్టి ఆపేస్తారు.

నీ అన్న,
బర్నబా

—

బర్మా క్యాంపు, విశాఖపట్నం
28 మార్చి 1988

పూజ్యులైన బర్నబా అన్నయ్యకు చెల్లెలు కెరెను వందనాలు.

నీ ఉత్తరం అమ్మకి చదివాను. చివరి ముక్క చదవలేదు. ఆవిడ మొహం చూసి, ఏదో మింగేశావు చదువు అంది. చదివాను. నవ్వింది. నవ్వితే గొంతు నొప్పి అని డాక్టరు చెప్పాడు, నీకు తెలీదు కాబట్టి ఏమీ అనను.

ఇప్పుడు గంజి తప్ప దిగడం లేదు. పడుకుని పాత సంగతులే. మిల్లులో ఊక చెరిగి ముక్కు నిండా దుమ్ముతో ఆదివారం గుడికొస్తే, ఆడవాళ్లలో ఒక్కరికీ చదువు రాదు కదా. నువ్వు బల్ల మీదెక్కి పాటల పుస్తకం చూసి ఒక్కో పాదం అందించేవాడివి. నువ్వు ఆగితే మేమంతా ఎత్తుకునేవాళ్లం. రూబెన్ అయిదేళ్లోడు, నీ చొక్కా అంచు పట్టుకుని నీ నోట్లోకే చూసేవాడు. 'అందిత్తే గానీ పాడేవోడు కాదు సచ్చినోడు' అని అమ్మ ఇప్పుడూ చెప్పుకుంటుంది.

అన్నయ్యా, ఒకటి అడుగుతాను. వేళాకోళం చెయ్యకు. ఇరవైనాలుగేళ్ల కిందట బర్మా సర్కారు ఇండియావాళ్లందర్నీ పొమ్మన్నప్పుడు, నీకు అక్కడ వదిన ఉంది కాబట్టి ఉండిపోయావు. రూబెన్ మాతో రావాలి. వాడి పేరు ఓడ చీటీలో ఉంది. రెండింటికి ఓడ కదిలేదాకా అమ్మ కమ్మీ పట్టుకుని పిలుస్తూనే ఉంది. వాడు రాలేదు. గిటారు కోసం అమ్మనొదిలేశాడని మీ బావ ఆనాడే అన్నారు, నేను కాదనలేకపోయాను. ఆ రోజు అరిచిన అరుపుకే ఈ గొంతు పుండు పడిందని అమ్మ అనదు, నేనంటాను.

ఈ ఒక్క పాట పాడమను. నేను మళ్లీ ఆ ఓడ మాట ఎత్తను.

కెరెను

—

అహ్లోన్
2 మే 1988

ఓడలెక్కిన చెల్లెలికి రేవులో మిగిలిన అన్న దీవెనలు.

తింజాన్ పండగకి జనం ఎప్పటిలా నీళ్లు చల్లుకోలేదు. కాలేజీ పిల్లల గొడవ తర్వాత ఊరికి నవ్వు రావడం లేదు. దాని గురించి ఇంతకంటే రాస్తే అంటించే అయ్యగారికి మెతుకులు చాలవు.

రూబెన్‌తో మాట్లాడాను. వినవే, వాడు పాడనన్నాడు. కోపంతో కాదు. 'బతికున్న అమ్మకి మట్టిపాట నా నోటితో పాడలేను అన్నయ్యా, పాడితే నేనే పంపేసినట్టుంటుంది' అన్నాడు. ఎంతమంది అమ్మల్ని చంపి ఎన్ని పాటలు పాడావురా అన్నాను. అవి అమెరికా అమ్మలు అన్నాడు.

బదులుగా కొత్త క్యాసెట్టు ఇచ్చాడు. ఒక పాట అమ్మ గురించే, బర్మా మాటలు. అమ్మకి ఆ భాష ఇంకా గుర్తుందో లేదో. కలప ఓడలో వంట చేసే దండాసి చేత పంపుతున్నాను. శ్రీకాకుళం వైపు మనిషి, నమ్మకస్తుడు, ఉప్పు ఎక్కువేస్తాడు.

ఇక్కడ ఒక వారపత్రికలో వాడి గురించి రాశారు. ఒక్కో పాదం ఎత్తుకునే ముందు కొంచెం ఆగుతాడట, జనం ఊపిరి బిగబడతారట, అది అమెరికా కాపర్ల దగ్గర నేర్చిన విద్యట. నేనైతే పాట మర్చిపోయాడనుకునేవాణ్ణి. దలా రేవులో పడవ కోసం నిలబడినోడిలా ఆగుతాడు. నాకూ ఆ విద్య వచ్చుంటే కస్టమర్లని ఆపి ఇల్లు కట్టేవాణ్ణి.

ఓడ సంగతి ఎత్తావు. ఎప్పుడో పోయిన ఓడ. దాన్ని వెనక్కి పిలవకు.

బావకి క్యాసెట్టు మీద పేరు నచ్చుతుంది, చూడమను.

బర్నబా

—

విశాఖపట్నం
30 జూన్ 1988

అన్నయ్యకు,

క్యాసెట్టు మీద 'ఉపవాస కూడికల ప్రసంగాలు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుంది. రంగూన్ సంఘం పంపిందని మీ బావ కళ్లకద్దుకున్నారు. అమ్మ కోసం పెట్టిన ప్రార్థన కూడికలో నలభైమంది ముందు పెట్టారు. అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. గిటారు మోగింది. తర్వాత ఒకడు గుర్రాన్ని అదిలించినట్టు ఊళ వేశాడు. కూర్మనాథం తాతగారు దయ్యం వదిలిందని 'స్తోత్రం' అన్నారు. మీ బావ ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. క్యాసెట్టు ఇంట్లో ఉండకూడదన్నారు.

అమ్మ లోపలి గదిలోంచి విని తనంతట తానే లేచి కూర్చుంది. మూడు వారాల్లో అదే మొదటిసారి. ఎవరూ చెప్పకుండానే 'మా రూబెనుగాడు' అంది. అందుకని పారెయ్యలేదు, బియ్యం డబ్బాలో దాచాను. మీ బావ గుడికెళ్లినప్పుడు పెడతాను.

కానీ వాడికి చెప్పు. అమ్మ ఒకటి అడిగితే వాడు ఇలాంటిది పంపి మా పరువు తీసి నవ్వుకుంటున్నాడా? పేరొచ్చిందని మదమా? అమ్మకి ఇప్పుడు గంజి కూడా చెంచాతోనే. వాడికి మనసు లేకపోతే లేదని రాయమను. నాకు ఒక్కడే అన్న ఉన్నాడని, తమ్ముడు లేడని అనుకుంటాను. ఈ మాట ఇలాగే చదివి వినిపించు.

కెరెను

—

అహ్లోన్
21 ఆగస్టు 1988

చెల్లెమ్మా,

పోస్టు లేదు, రైలు లేదు, ఆఫీసులేవీ తెరవడం లేదు. అంటించే అయ్యగారు కూడా సమ్మెలో ఉన్నారు. అందుకని ఇది దండాసి చేతికిస్తున్నాను, అందుకే కొంచెం గాలాడేలా రాస్తున్నాను.

క్యాసెట్టు మీద పేరు రాసింది నేను. రూబెన్‌కి తెలీదు. బావ మొహం ఊహించుకుని వారం రోజులు బతికాను. తప్పే. కూర్మనాథం తాతగారి స్తోత్రం మాత్రం ఎన్నిసార్లు చదివినా విసుగు రాలేదు. నీ కోపమంతా నా వాటా, వాడికి పంచను.

మీరు రేడియోలో వినే ఉంటారు. సర్కారు దిగిపోవాలన్న జనం మీద రెండు వారాల కిందట సైన్యం కాల్చింది. అయినా జనం మళ్లీ వీధుల్లోనే. రేవు కూలీలు, గుమాస్తాలు, సన్యాసులు, కాలేజీ పిల్లలు, నర్సులు. పబేడాన్ వీధి మొగలో చెక్కబల్లలతో ఒక వేదిక కట్టారు, మన రూబెన్ రోజూ మధ్యాహ్నం అక్కడ పాడుతున్నాడు. గేదె టోపీ తోటే. కంట్రీ పాటలకే కొత్త మాటలు కట్టుకున్నారు. గుర్రం ఎక్కినోడు ఇప్పుడు ఇంటికి తిరిగొస్తున్నాడు, అదీ మార్పు. మైకు లేదు, గట్టిగా వాయిస్తాడు, రోజుకి రెండు తీగలు తెగుతాయి. అహ్లోన్‌లో సైకిళ్లన్నీ బ్రేకుల్లేకుండా తిరుగుతున్నాయి.

నేను వెళ్లి చూశాను. నీకు అబద్ధం ఎందుకు, భయమేసింది. ఇంటికి పోదాం రా అన్నాను. 'అన్నయ్యా, నలభైరెండేళ్లలో మొదటిసారి ఎవడి రాగమో కాకుండా పాడుతున్నట్టుంది' అన్నాడు. వేళాకోళం చెయ్యకుండా తీగలు ఇచ్చి వచ్చేశాను. రాసిపెట్టుకో, ఇలాంటిది మళ్లీ జరగదు.

అసలు సంగతి వేరే. ఇది గెలిస్తే దేశం తలుపులు తెరుస్తారట, అడిగినోడికల్లా పాస్‌పోర్టు ఇస్తారట. రూబెన్ మాట ఇది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను: 'టేపెందుకు? క్రిస్మస్‌కి నేనే వస్తాను. అమ్మ మంచం పక్కన కూర్చుని అడిగినన్నిసార్లు పాడతాను. ఏరు దాటే పాట మాత్రం కాదు. అది తప్ప ఏదైనా.'

అమ్మకి చెప్పు. బావకి కూడా చెప్పు, టోపీ గుమ్మం బయట పెట్టిస్తానని.

బర్నబా

—

విశాఖపట్నం
10 అక్టోబరు 1988

అన్నయ్యా,

దండాసి అన్న ఉత్తరం తెచ్చిచ్చి ఉప్పుచేప కూడా ఇచ్చి వెళ్లాడు. ఆ తర్వాత సెప్టెంబరులో రేడియోలో విన్నవి రాయడానికి చెయ్యి రావడం లేదు. మీరెలా ఉన్నారు? ఒక్క ముక్క రాయి. ఒక్క ముక్క.

అమ్మకి రేడియో వినిపించడం లేదు. క్రిస్మస్ మాట మాత్రం చెప్పాను, చెప్పకుండా ఉండాల్సిందేమో. డాక్టరు సెప్టెంబరు దాటదన్నాడు. దాటింది. 'ఇంకా ఎన్ని ఆదివారాలే' అని అడుగుతుంది. పదకొండు అంటే పదకొండు చెంచాలు తాగుతుంది.

మీ బావ మెత్తబడ్డారు. నులకమంచం ఒకటి తెప్పించి వరండాలో వేశారు, వాడు పడుకోవడానికి. క్రిస్మస్ రోజు గుడిలో ఒక పాట పాడితే తప్పేమీ లేదని తనంతట తానే అన్నారు. టోపీ తియ్యాలట.

జూన్‌లో నేను రాసిన ఉత్తరం వాడికి చదివి వినిపించావా? వినిపించి ఉంటే, అది నేను కోపంలో రాశానని చెప్పు. వాడొచ్చాక నేనూ చెబుతాను. వస్తాడా రాడా, అది మాత్రం నిజం రాయి.

కెరెను

—

అహ్లోన్
27 నవంబరు 1988

చెల్లెమ్మకి, బావకి, పదకొండు చెంచాల అమ్మకి బర్నబా దీవెనలు, వందనాలు, ఎవరికి ఏది చెందితే అది.

మేమంతా క్షేమం. మీ వదిన లావయింది. సైకిళ్లకి మళ్లీ బ్రేకులు వేస్తున్నాను. సాయంత్రానికి అందరూ తలుపులేసుకుంటాం, దానివల్ల సంసారాలు బాగుపడ్డాయని పుకారు.

రూబెన్ రాలేడు. పాస్‌పోర్టులు ఇవ్వడం లేదు. వాడికి పేరు ఎక్కువైంది కదా, అందుకని ఊళ్లో కూడా లేడు. పైవైపు ఎక్కడో పాటలు పాడుకుంటూ తిరుగుతున్నాడు. అడ్రసు లేదు, నువ్వు రాయొద్దు.

అయితే వెళ్లేముందు అమ్మ అడిగింది పాడి ఇచ్చాడు. ఎంత బతిమాలితే పాడాడో నాకు తెలుసు. దండాసి చేతికి టేపు ఇస్తున్నాను, ఈసారి పైన ఉన్న పేరు నిజమే, 'ఏరు దాటే వేళాయె', నాలుగు చరణాలు. మొదట గిటారు చెక్క మీద రెండుసార్లు కొడతాడు, అది వాడి అలవాటు, టేపు పాడైందని బావ కంగారుపడొద్దు. వాడికి అప్పుడు జలుబు. ముక్కు మరీ ముక్కులా ఉంటే అదీ కారణం.

ఇది అమ్మ మట్టికి. ముందే పెట్టి వినకండి. మంచిది కాదు.

ఆ నులకమంచం మీద ఎవరినీ పడుకోబెట్టకు. ఉంచు.

బర్నబా

—

విశాఖపట్నం
8 జనవరి 1989

అన్నయ్యా,

టేపు డిసెంబరు ఇరవైమూడున వచ్చింది. నువ్వు వద్దన్నావని చెప్పాను. బతికున్న మనిషికి మట్టిపాట ఏంటని మీ బావా అన్నారు. అమ్మ వినలేదు. 'మట్టి నాది. పెట్టండి' అంది.

పెట్టాను. రెండు దెబ్బలు వినబడ్డాయి. అమ్మ కళ్లు మూసుకుంది. మొదటి చరణం అయ్యేసరికి చెయ్యెత్తింది. ఆపాను. మళ్లీ మొదట్నుంచి పెట్టమంది. ఈసారి రెండో చరణం దాకా విని ఆపమంది.

'ఇది రూబెనుగాడు కాదే. పెద్దోడు.'

నేను వాదించాను. ముక్కు వాడిదే, దెబ్బలు వాడివే, బియ్యం డబ్బాలోంచి పాత క్యాసెట్టు తీసి పక్కపక్కనే వినిపించాను. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఆవిడ గొంతులో ఇప్పుడు మాట లేదు, గాలే. చెవి పెట్టి విన్నాను. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

'రూబెనుగాడు పాదానికి ముందర ఆగుతాడు. పెద్దోడు అందిత్తాడని సూత్తాడు, అయిదేళ్లప్పటి అలవాటు. ఈడు పాదం అయిపోయినాక ఆగతన్నాడు. ఎవులికో అందిత్తన్నాడు. ఎవులూ ఎత్తుకోట్లేదు.'

గోడవైపు తిరిగింది. తర్వాత, 'ఆడు లేడే కెరెనూ' అంది.

సెప్టెంబరులో రేడియోలో విన్న కాల్పుల సంగతి అప్పుడు చెప్పాను. అమ్మ ఏడవలేదు. మీ బావే ఏడ్చారు. నేను ఆ నులకమంచం మీద కూర్చుండిపోయాను.

పండగ మర్నాడు అమ్మ అందర్నీ పిలవమంది. 'నాకు పంపిన పాట ఇది కాదు. అన్న తమ్ముడికి పాడిన పాట. దీన్ని దాచకూడదు' అంది. మీ బావ నల్లకోటు వేసుకున్నారు. వాడి ఫొటో మా దగ్గర లేదు, క్యాసెట్టు అట్ట మీది బొమ్మనే బల్ల మీద పెట్టారు. టోపీ తోటే ఉంది, ఏమీ అనలేదు. వాక్యం చదివి, సంఘం ముందు నిలబడి, ఇరవైనాలుగేళ్లుగా నేనొక మనిషి గురించి తప్పు మాట్లాడాను అన్నారు.

టేపు పెట్టాం. 'ఏరు దాటే వేళాయె' అని నువ్వు అన్నావు. ఆగావు. ఆ ఖాళీలో మొదట ఎత్తుకుంది అమ్మ. ఊక చెరిగినప్పటి గాలిలా ఉంది, మాట తెలియలేదు, వరస తెలిసింది. తర్వాత నేను. తర్వాత మిల్లులో పనిచేసిన ముసలమ్మలు, నలుగురే మిగిలారు, వాళ్లు. 'ఏలిక చెయ్యందించెను' అన్నావు, అందరం అందుకున్నాం. నాలుగు చరణాలూ అలాగే. సరిగ్గా సరిపోయింది అన్నయ్యా. ఒక్క మాట కూడా నీ మీద పడలేదు.

అమ్మ ఇంకా ఉంది. ఆదివారాలు లెక్క అడగడం మానేసింది. రెండు మాటలు రాయమంది. ఒకటి, తన మట్టికి నిన్ను పాడమంది, నీ గొంతుతో, ముక్కుతో కాదు. రెండోది, మూడు ప్రశ్నలు. ఎండలో పడ్డాడా? పక్కన ఎవరైనా ఉన్నారా? ఎక్కడ పెట్టారు?

నువ్వు ఎంత నవ్వించావో అంతా మర్చిపోతాను. నిజం రాయి.

కెరెను

—

అహ్లోన్
19 ఫిబ్రవరి 1989

అమ్మకి,

కెరెను ఇది నీకు మొత్తం చదవాలి. మింగకూడదు.

సెప్టెంబరు పంతొమ్మిది, సోమవారం. ముందురోజు సాయంత్రమే సైన్యం దేశాన్ని చేతిలోకి తీసుకుంది. వెళ్లొద్దన్నాను. వేదిక మీద పిల్లలు ఉన్నారు, వాళ్లని దించి వస్తానన్నాడు. రెండు కొత్త తీగలు అడిగాడు. ఇచ్చాను. అమ్మా, ఇచ్చింది నేనే.

ఎండలో పడలేదు. మబ్బుగా ఉంది, సన్నగా చినుకు. పబేడాన్‌లో మసాలా దినుసుల కొట్టు సింహాచలం ఉన్నాడు, మన తెలుగోడే, వాళ్లది భీమిలి. ట్రక్కులొచ్చి కాల్పులు మొదలయ్యాక, తూటా తగిలిన రూబెన్‌ని రెక్క పట్టుకుని తన కొట్టు మెట్ల మీదికి లాగాడు. తల ఒళ్లో పెట్టుకున్నాడు. ఎంతసేపు అంటే, ఒక పాట పట్టేంత సేపన్నాడు. పక్కన మనిషి ఉన్నాడు. తెలుగు మాట్లాడే మనిషి.

చివరికి ఏమన్నాడని సింహాచలాన్ని నాలుగుసార్లు అడిగాను. ఏమీ అనలేదన్నాడు. నేనైతే ఏదో ఒకటి కల్పించి రాసేవాణ్ణి, నీకు తెలుసు. ఈసారి కల్పించను. ఏమీ అనలేదు.

ఎక్కడ పెట్టారో తెలీదు. అందర్నీ ట్రక్కుల్లో ఎక్కించి తీసుకుపోయారు. శ్మశానాల చుట్టూ తిరిగాను, కాపలాలు. నాకు గిటారు ఒక్కటే దక్కింది, ధనియాల బస్తాల వెనక సింహాచలం దాచాడు. ఆ టేపులో వినబడింది అదే. టోపీ దొరకలేదు.

నేను రూబెన్‌లానే పాడాననుకున్నాను. దెబ్బలు, ముక్కు, అన్నీ. పాదాల మధ్య ఎక్కడ ఆగానో నాకే తెలీదు. కెరెను ఉత్తరం వచ్చాక నా దగ్గర ఉంచుకున్న నకలు మళ్లీ విన్నాను. మీరు పాడినట్టు ఊహించుకుని విన్నాను.

కెరెనూ, జూన్ ఉత్తరం వాడికి చూపించలేదు. వాడికి తెలియకుండానే పోయాడు. నా జన్మలో చేసిన మంచిపని అదొక్కటి.

చెడ్డపని కూడా ఇప్పుడే చెప్పాలి. ఆ ఓడ రెండింటికని వాడికి తెలీదు. నాలుగింటికని నేను చెప్పాను. వేళాకోళానికి అని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. కాదు. మీరంతా వెళ్లిపోతున్నారు. ఇంట్లో నాతో తెలుగు మాట్లాడేవాడు ఒక్కడన్నా మిగలాలని చెప్పాను. వాడు నిన్ను వదల్లేదమ్మా. నేను పట్టుకున్నాను.

నీ పాట వేరే టేపులో ఉంది, నా గొంతే. ఇది విన్నాక నా పాట వద్దంటే, టేపు తిప్పి పెట్టమను, రెండో వైపు రూబెన్ పాటలున్నాయి.

ఆ రోజు మూడున్నరకి వాడు ట్రంకుపెట్టె ఒక చేత్తో, గిటారు ఒక చేత్తో రేవుకొచ్చాడు. నేను వెనకే వచ్చాను, మొహం చూసి నవ్వుదామని. జెట్టీ మీద ఎవరూ లేరు. ఏరు చూశాడు, గడియారం స్తంభం చూశాడు, తిరిగి నన్ను చూశాడు. నేనేదో చెబుతానని చాలాసేపు అలాగే ఆగాడు. నేను చెప్పలేదు. పెట్టె ఒక కొస నాకిచ్చాడు, ఇద్దరం మోసుకుని ఇంటికొచ్చాం.

ఎందుకు చెప్పావని వాడు నన్ను ఒక్కసారీ అడగలేదు.

నీ పెద్దోడు